నెట్ మీటర్ గారికి నమస్కరించి రాయునది

సోలార్ ఇంటికి వచ్చే కరెంటునూ, పోయే కరెంటునూ విడివిడిగా లెక్కగట్టే గౌరవనీయులైన నెట్ మీటర్ గారికి,

మేమిక్కడ క్షేమం. మీరు టెస్టింగ్ ల్యాబ్‌లో క్షేమమని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం రెండింటికి మీరు దయచేస్తున్నారని, ఇంట్లో మనిషి ఉండాలని కబురొచ్చింది. మీటర్ బోర్డు బయట వసారాలో ఉంటే ఇంట్లో మనిషి ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా సెలవు పెట్టి కూర్చున్నాను. ఆరు దాటాక నేనే కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే, మీ టెస్టింగ్ అయిపోయింది గానీ సీలు వేసే ఆయన వేరే ఊరు వెళ్లారట. "రేపో ఎల్లుండో చూద్దాం సార్" అన్నారు. ఆ ఎల్లుండి ఎలాంటిదో ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు.

మీరు రాబోయే ఇల్లు ఎలాంటిదో కాస్త చెప్పుకోనివ్వండి. కోనసీమలో నాలుగు వందల చదరపు అడుగుల చిన్న కొంప. పడగొట్టిన పాత మండువా లోగిలి నుంచి టేకు దూలాలు, వాసాలు కొని, రంపం పట్టించి, రాతి పునాది మీద నిలబెట్టాం. పైన పెంకులు. దక్షిణం వైపు వాలు మీద నాలుగు సోలార్ పలకలు, మొత్తం 2 కిలోవాట్లు. పలకల బరువు వాసాలకు లెక్క కాదు. మా దగ్గర భయమల్లా గాలివానకు అవి ఎగిరిపోతాయని. అందుకే పెంకులు లేపి, కొక్కేలను నేరుగా వాసాలకే బోల్టులతో బిగించాడు మా వడ్రంగి మేస్త్రి. ఆయన చెప్పిన రోజుకు వచ్చాడు. మీకు ఊరికే చెబుతున్నాను.

బ్యాంకు వారు ఈ ఇంటిని కచ్చా ఇల్లన్నారు. మా మేనత్త "ఇంత డబ్బు పోసి పాక వేశావేంట్రా?" అంది. చెదల గురించి సలహా ఇవ్వని మనిషి ఈ మండలంలో లేడు. వాళ్లందరినీ ఎప్పుడో క్షమించేశాను.

మీ సంగతి వేరు. డాబా పగలంతా ఎండను తాగి రాత్రంతా మన మీద కక్కుతుంది. పెంకుటిల్లు పొద్దుగూకిన కాసేపటికే చల్లబడుతుంది. కాబట్టి మాకు ఏసీ లేదు. 30 వాట్ల ఫ్యాన్లు రెండు, ఒక చిన్న ఫ్రిజ్, నాలుగు లైట్లు. ఎండ బాగుంటే పలకలు రోజుకు 8 యూనిట్ల దాకా ఇస్తాయి. పగలు మా వాడకం రెండు యూనిట్లు దాటదు. మిగతాదంతా వీధి లైన్లోకి వెళ్లిపోతుంది. ఆ వెళ్లిన దాన్ని లెక్కగట్టి, రాత్రి మేం వాడుకున్న దానిలోంచి తీసేయడానికే కదండీ మీరు పుట్టింది?

మీరు రాలేదు. పాత మీటర్ ఉంది. సోలార్ పెట్టిన కుర్రాడు టెస్టింగ్ అని ఆన్ చేసి, "అలాగే ఉంచండి సార్, ఏం కాదు" అని బండెక్కి వెళ్లిపోయాడు. నెల తిరిగేసరికి బిల్లొచ్చింది. పలకలు లేనప్పటి కంటే ఎక్కువ!

ఎవరో వైర్లు తిరగేసి కరెంటు దొంగిలిస్తారని, కరెంటు ఎటు వెళ్లినా వాడకం కిందే లెక్కేసేలా ఆ పాత మీటర్‌ను తయారుచేశారట. లోపలికొచ్చినా యూనిటే, బయటికెళ్లినా యూనిటే. పాలకేంద్రంలో పాలు పోసి వచ్చినవాడి పద్దులో పాలు కొన్నట్టు రాసినట్టుంది ఇది. మా కప్పు మీద పుట్టిన కరెంటును ఊరికి ఉచితంగా పోసి, దానికి బిల్లు నేను కట్టాను. ఆ యూనిట్లన్నీ కలిసి రేటు పైమెట్టుకు ఎగబాకింది. ఇంటికి శ్లాబు వద్దనుకున్నాం గానీ, బిల్లులో శ్లాబు మారింది.

ఇందులో ఇంకో తమాషా కూడా ఉంది. పగలు ఫ్యాను ఆపితే ఆ కరెంటు కూడా బయటికే పోతుంది, బిల్లు పెరుగుతుంది. ఫ్యాను వేస్తే బిల్లు తగ్గుతుంది. పొదుపు చేసినవాడికి జరిమానా, ఎడాపెడా వాడినవాడికి రాయితీ! ఈ సంగతి అర్థమయ్యాక మా ఆవిడ మిట్టమధ్యాహ్నం ఇస్త్రీ మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసిన చీరనే మళ్లీ చేస్తుంటే ఇక చూడలేక ఆఫీసుకెళ్లి అడిగాను. నెట్ మీటర్ పెట్టేదాకా అసలు ఆన్ చేయకూడదన్నారు. స్విచ్ దించేశాను. ఇప్పుడు కోనసీమ ఎండంతా నాలుగు గాజుపలకల మీద పడి, వృథాగా పోతోంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం రూల్సు మార్చింది. 10 కిలోవాట్ల లోపు సోలార్‌కు సాంకేతిక పరిశీలన అక్కర్లేదంది. కరెంటు సరఫరా చేసే డిస్కం తన పని ముగించాల్సిన గడువును కూడా 30 రోజుల నుంచి 15కు తగ్గించింది. చదివి ఎంత సంబరపడ్డానో! పదిహేను రోజులన్నారు గానీ, ఏ నెలలోవో చెప్పలేదు. మీరు ఎక్కితే తప్ప 60,000 సబ్సిడీ ఖాతాలో పడదు. లోను వాయిదా మాత్రం మీ కోసం ఆగలేదు, తారీఖు తప్పకుండా కోసుకుంటోంది.

ఏమయ్యా, నీకు సిగ్గుందా? అరచేతుల్లో పట్టే పెట్టెవి. రెండు బోల్టులు, నాలుగు వైర్లు, ఒక సీలు. నూరేళ్ల నాటి టేకును చెక్కి ఇల్లు నిలబెట్టడానికే ఇంత సేపు పట్టలేదే, నిన్ను గోడకు తగిలించడానికి ఇంత కథా? మాటిమాటికీ ఫోన్ చేసి "సార్, సార్" అని బతిమాలడానికి నేనేమైనా ఊరికే అడుగుతున్నానా? నీకు డబ్బు కట్టాను. రసీదు నా దగ్గరుంది.

వచ్చాక కూడా నీతో పూర్తి సుఖం లేదని నాకు తెలుసు. వీధిలో కరెంటు పోతే, ఎండ ఎంత మండుతున్నా మా పలకలూ ఆగిపోతాయి. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదు కాబట్టి, దానికి నేనేమీ అనను. బ్యాటరీ కొనే స్తోమత ఇప్పట్లో లేదు. ఆ మాత్రం ఉక్కపోత భరిస్తాం.

ఇంకొక్క మాట. మొన్న మేనత్త వచ్చి, మా వసారాలో చాపేసుకుని సాయంత్రం దాకా నిద్రపోయి లేచింది. మర్నాడే తన డాబా మీద సోలార్‌కు దరఖాస్తు పెట్టింది. 3 కిలోవాట్లు, సబ్సిడీ 78,000. లైన్‌మన్‌ను "అబ్బాయ్" అని పిలిచి కాఫీ కూడా ఇచ్చిందట. ఆవిడ మీటర్ నా కంటే ముందు ఎక్కిందంటే, చచ్చేదాకా ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో నేను వినాలి. వస్తే రా, మానితే మానుకో. ఆవిడ ఇంటికి మాత్రం నా తర్వాతే వెళ్లు.

ఇట్లు,
సర్వీసు నంబరు తప్ప వేరే పేరు లేని
మీ వినియోగదారుడు