రాజు లేకపోతే పాలన లేనట్టా?
ఆగ్నేయ నైజీరియాలో ఉండే ఇగ్బో ప్రజలకు రాజులు లేరు కాబట్టి బ్రిటిష్ వాళ్లు వచ్చేదాకా పాలనే లేదన్నట్టు ఒక వ్యాసంలో రాశారు, దీనికి నేను అస్సలు ఒప్పుకోను. న్రి, ఒనిచా లాంటి చోట్ల ఎజెలు, అంటే రాజులు ఉండేవారు. మిగతా చాలా ఊళ్లలో వంశపెద్దలు, ఈడువాళ్ల జట్లు, పెళ్లయి వెళ్లినా పుట్టింటి తగాదాల్లో గట్టిగా మాట చెల్లే ఆడపడుచులు (వాళ్లను ఉముఆడ అంటారు) కూర్చుని తేల్చేవారు, ఇది పాలన కాక మరేంటి? బ్రిటిష్ వాళ్లు తమ సౌకర్యం కోసం వారంట్ చీఫ్‌లను, అంటే అధికార పత్రం (వారంట్) ఇచ్చి తామే నియమించిన పెద్దలను, తెచ్చి నెత్తిన పెట్టారు. ఆడవాళ్లకూ పన్ను వేస్తారన్న భయంతో 1929లో వేలమంది స్త్రీలు తిరగబడ్డారు, కాల్పుల్లో 50 మందికి పైగా చనిపోయారు, ఆ తర్వాత ఆ చీఫ్‌ల పద్ధతే ఎత్తేయాల్సి వచ్చింది. నేను లాగోస్‌లో పనిచేసినప్పుడు ఒక ఇగ్బో స్నేహితుడి ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు అతిథులకు మర్యాదగా ఇచ్చే కోలా గింజ చేతిలో పట్టుకుని ఇగ్బోలోనే ప్రార్థన చేశారు, కోలాకు ఇంగ్లీషు అర్థం కాదట. విడదీస్తే నాలుగు బద్దలు వచ్చాయి, ఎకె, ఒరియె, అఫో, న్క్వో అని వాళ్ల నాలుగు సంత రోజుల పేర్లు ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పారు, ఆయన ముఖంలో ఆ సంతోషం ఇప్పటికీ కళ్లముందే ఉంది.