మీ రాక్షసుల్ని నమ్మాను, మీ ఆఫీసునే నమ్మలేకపోతున్నాను

కైజూ సంరక్షణ సంఘం,
మానవ వనరుల విభాగం వారికి,
టనాకా బేస్, పక్క భూమి.

అయ్యా, అమ్మా,

పక్క భూమి మీద, అంటే మన భూమికి సమాంతరంగా ఉన్న ఇంకో భూమి మీద, మీరు కైజూల్ని (గాడ్జిల్లా లాంటి రాక్షస జంతువుల్ని) కాపాడుతున్న వైనం గురించి జాన్ స్కాల్జీ 2022లో రాసిన 'ది కైజూ ప్రిజర్వేషన్ సొసైటీ' నవల చదివాను. బయట ఎవరికీ చెప్పకూడదని ఉద్యోగులందరి చేతా సంతకాలు పెట్టించుకుంటారు కదా, తీరా చూస్తే ఆయన ఏకంగా పుస్తకమే వేసేశాడు. దానికి 2023లో లోకస్ అవార్డు కూడా వచ్చింది. రహస్యం దాచడంలో మా వీధివాళ్ళే మీకంటే నయం.

అసలు విషయానికొస్తాను. మీ కథలో నాకు కొన్నిచోట్ల నమ్మకం కుదరలేదు. రాక్షసుల దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కొండంత జంతువు, కడుపులో అణు రియాక్టర్, ఒంటినిండా ఊరంత పరాన్నజీవులు. అన్నీ ఒప్పేసుకున్నా. రియాక్టర్ కట్టడానికి ఇంజినీరే ఉండాలని రూలేమీ లేదు. ఆఫ్రికాలో గబాన్ దేశంలో ఓక్లో అనే చోట దాదాపు 200 కోట్ల ఏళ్ళ కిందట నేల లోపల యురేనియం దానంతటదే రాజుకుంది. ఫ్రెంచివాళ్ళు 1972లో కనిపెట్టారు. భూగర్భంలో నీళ్ళు ఊరితే రియాక్షన్ మొదలు, వేడికి ఆ నీళ్ళు ఆవిరైపోతే బంద్, చల్లారాక నీళ్ళు చేరితే మళ్ళీ మొదలు. శాస్త్రవేత్తలు లెక్కగడితే అరగంట పని, రెండున్నర గంటలు విశ్రాంతి అని తేలింది. ఇలా లక్షల ఏళ్ళు నడిచిందట. ఒక్క మేనేజరూ లేడు కాబట్టే నడిచిందని నా అభిప్రాయం.

ఎత్తు రెండింతలైతే బరువు ఎనిమిదింతలవుతుంది, దాన్ని మోసే ఎముకల బలం మాత్రం నాలుగింతలే పెరుగుతుంది, అంత జంతువు కూలబడిపోదా అని లెక్కల మాస్టార్లు అడుగుతారు. అడగనివ్వండి. మీ కైజూ చచ్చిపోతే అణుబాంబులా పేలుతుందన్నారు, అదీ ఒప్పుకున్నా. చచ్చేముందు ఒళ్ళు పెంచి, పడుతూ పడుతూ ఒక అక్షౌహిణి సైన్యాన్ని నుజ్జు చేసిన ఘటోత్కచుడి కథ విని పెరిగినవాళ్ళం, ఇది మాకో లెక్కా?

పక్క భూమికి మీ దారి గ్రీన్‌ల్యాండ్ మంచులోంచి అన్నా కూడా కనుబొమ్మ కదపలేదు. 1959-60లో అమెరికా సైన్యం అక్కడ మంచు కింద సొరంగాలు తవ్వి, చిన్న అణు రియాక్టర్ పెట్టి 'క్యాంప్ సెంచరీ' అని ఓ ఊరే కట్టింది. పైకి పరిశోధన అన్నారు. లోపల్లోపల క్షిపణులు దాచే ప్లాను, గ్రీన్‌ల్యాండ్‌ని పాలించే డెన్మార్క్‌కి కూడా చెప్పలేదు. మంచు కదిలి సొరంగాలు నొక్కుకుపోతుంటే 1967కల్లా మూట సర్దుకున్నారు. దీని ముందు మీ కట్టుకథ ఎంత బుద్ధిమంతంగా ఉందో చూడండి.

1954 మార్చి 1న అమెరికావాళ్ళు పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చి, చేపలు పట్టుకుంటున్న 23 మంది జపాన్ జాలర్ల మీద రేడియేషన్ బూడిద కురిపించారు. వాళ్ళలో ఒకాయన సెప్టెంబర్‌లో పోయాడు. నవంబర్‌లో గాడ్జిల్లా సినిమా వచ్చింది. దాని నిర్మాత టనాకా, దర్శకుడు హోండా. మీ బేస్‌లకి వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. ఆ మర్యాద నాకు నచ్చింది.

ఇక నమ్మలేని భాగం.

కథ మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. 2020, న్యూయార్క్, కరోనా మొదలవబోతోంది. జేమీ గ్రే గారు (ఆడో మగో రచయిత చివరిదాకా చెప్పలేదు, అందుకే గారు) ఓ ఫుడ్ డెలివరీ స్టార్టప్‌లో పనిచేస్తారు. రివ్యూ ఉంది రమ్మంటే ఐడియాలు రాసుకుని మరీ వెళ్ళారు. బాసు ఐడియాలన్నీ విని, ఉద్యోగం పీకేసి, కావాలంటే డెలివరీ పనిలో చేరమన్నాడు. తర్వాత ఆ ఐడియాలే వాడుకున్నాడు. ఇది సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుందో నాకర్థం కాలేదు. కనీసం ఫిక్షనైనా అవ్వాలి కదా!

ఆ డెలివరీలోనే పాత పరిచయస్తుడు తగిలి మీ దగ్గర ఉద్యోగం వేయించాడు. అంటే పక్క భూమిలోనూ సిఫార్సే. ఇక్కడిదాకా పూర్తిగా నమ్మాను.

అసలు తిరకాసు ఆ తర్వాత ఉంది. మీ బేస్‌లో ఎటు చూసినా పీహెచ్‌డీలు. జేమీ గారి పని బరువులెత్తడం. అయినా ఎవరూ చిన్నచూపు చూడరు! భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుంటారు. తెలియనిది అడిగితే విసుక్కోకుండా చెబుతారు. ఒకరి పనికి ఇంకొకరు పేరు కొట్టెయ్యరు. తప్పు జరిగితే పై అధికారి మొదట కారణం అడుగుతారు. అపర్ణా చౌదరి అని ఒక బయాలజిస్టు ఉంటే, పేరు వినగానే 'మీదే ఊరు, మనవాళ్ళేనా' అని ఆరా తీసే మనిషి ఒక్కరూ లేరు. ఏమండీ, ఎక్కడైనా ఉందా ఇది?

ఆఖరికి ఆడ కైజూకి మగ కైజూని జత చెయ్యడానికి హెలికాప్టర్‌లోంచి వాసన మందు చల్లుతారు. పెళ్ళిళ్ళ పేరయ్య పని అన్నమాట. ప్రాణాలకి తెగించి చేస్తారు, కమిషన్ అడగరు. పైగా కష్టాల్లో జోకులేసుకుంటారు. ఆ జోకులు ఒక్కోసారి శ్రుతి మించాయి కానీ, మీటింగుల్లో బాసు జోకుకి నవ్వడం కంటే ప్రాణానికి హాయి.

రాక్షసుడు నడుస్తుంటే పేజీలు గబగబా తిప్పేశాను. మీ క్యాంటీన్ దగ్గర మాత్రం ఆగి రెండుసార్లు చదివాను. కరోనా రోజుల్లో రచయిత ఓ బరువైన నవల మొదలెట్టి, ముందుకు సాగక పక్కన పడేసి, తేలిగ్గా ఉంటుందని దీన్ని రాశాడట. అందరూ ఇళ్ళల్లో మగ్గుతున్నప్పుడు ఆయన కలగన్నది ఇదన్నమాట: రేడియేషన్ ఉన్నా పర్లేదు, మంచి సహోద్యోగులుంటే చాలు. పాపం.

కాబట్టి నా దరఖాస్తు ఇందుమూలంగా స్వీకరించగలరు. లిఫ్టు పనిచెయ్యని అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు మాది. గ్యాస్ సిలిండర్, పాతిక కిలోల బియ్యం బస్తా, ఒకసారి మా మామగారు, అన్నీ ఎత్తిన అనుభవం ఉంది. ఇంటర్నెట్ ఉండదన్నారు, అది జీతంలో భాగంగానే భావిస్తాను. ఇంజెక్షన్లు ఎన్నైనా పొడవండి.

ఇట్లు,
మీ సంఘంలో చేరగోరు
ఒక పాఠకుడు

తా.క.: గ్రీన్‌ల్యాండ్ దాకా టికెట్ ముందు మేం కొనుక్కుని తర్వాత బిల్లులు పెట్టాలా, మీరే కొంటారా? బిల్లులు పెట్టడమే అయితే, పై సంతకం ఎవరిదో ఇప్పుడే చెప్పండి. ఆయన సెలవులో లేనప్పుడు బయల్దేరతాను.