సవరణ: 25 పౌండర్ ఫిరంగి

రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన బ్రిటిష్ ఫిరంగి 25 పౌండర్ (సుమారు 25 పౌండ్ల గుండు వేసేది) మీద మొన్నటి పోస్టులో రెండు మార్పులు. రేంజి 13,400 మీటర్లు అని ఉంది. అవి గజాలు, అంటే సుమారు 12,250 మీటర్లు. అదీ సూపర్ చార్జి, అంటే అన్నిటికంటే ఎక్కువ పేలుడు మందు, వేసినప్పుడే.

రెండోది ఇంకా ముఖ్యం. దాన్ని ట్యాంకుల్ని కొట్టడానికే తయారుచేసినట్టు రాశాం. కాదు. అది గన్ (నేరుగా దూరం కొట్టేది), హోవిట్జర్ (గుండును ఎత్తుగా లేపి కొట్టేది) రెండు పనులూ చేసే ఫీల్డ్ ఫిరంగి, అంటే యుద్ధరంగంలో సైన్యం వెంట తిరిగేది. ముందు గుండు దట్టించి, తర్వాత ఇత్తడి కేసులో పేలుడు మందు పెట్టేవారు. దూరాన్ని బట్టి ఆ కేసులోని మందు సంచులు తీయడమో కలపడమో చేసేవారు. తక్కువ మందుతో గుండును ఎత్తుగా లేపి, గుట్ట చాటున ఉన్నవాళ్ల మీద పడేలా కొట్టొచ్చు.

మరి ట్యాంకుల మాట ఎక్కడిదంటే, ఉత్తర ఆఫ్రికా ఎడారి నుంచి. అక్కడ ట్యాంకుల్ని కొట్టే చిన్న ఫిరంగి 2 పౌండర్ గుండ్లు జర్మన్ ట్యాంకుల మీద సరిగా పనిచేయలేదు. దానికంటే పెద్దవైన 6 పౌండర్లు 1942లో గానీ రాలేదు. ఆ లోటు ఈ ఫిరంగి పూడ్చాల్సి వచ్చింది. 20 పౌండ్ల గట్టి గుండు వాడేవారు. కింద గుండ్రటి ప్లాట్‌ఫాం ఉండటంతో ఫిరంగిని ఎటు కావాలంటే అటు చకచకా తిప్పగలిగేవారు. అలాగని సిబ్బందికి సుఖమేమీ లేదు, ముందున్న చిన్న షీల్డు తప్ప వాళ్లకు అడ్డు లేదు.

1942 అక్టోబరు 23 రాత్రి ఈజిప్టులోని అల్ అలమీన్‌ యుద్ధంలో మాత్రం దాని అసలు పని కనిపించింది. వందల ఫిరంగులు ఒక్కసారిగా పేల్చారు. మన సైన్యం కూడా దీన్ని చాలాకాలం వాడింది, ఆ తర్వాత 105 ఎంఎం ఇండియన్ ఫీల్డ్ గన్ వచ్చింది.