కొత్తవాళ్లకి ముందు పెన్ డ్రైవ్ ఇవ్వండి
విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌ని మొదలుపెట్టేవాళ్లు ముందు టెర్మినల్ కమాండ్లు (టైపు చేసి ఇచ్చే ఆదేశాలు) నేర్చుకోవాలని ఒక వ్యాసంలో రాశారు, ఆ ఒక్క మాట నేను ఒప్పుకోను. మా గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వైపు జిరాక్స్ షాపుల్లో విండోస్ 10 కంప్యూటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, పాత మెషీన్లలో చాలా వాటికి విండోస్ 11 ఎక్కదు. ఆ షాపులవాళ్లకి కమాండ్ల సంగతి ఎత్తితే టెన్షన్ పడి అక్కడే ఆగిపోతారు. దానికి బదులు లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైలు (మొత్తం సిస్టమ్ ఉండే ఒకే ఫైలు) డౌన్‌లోడ్ చేసుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే బూట్ చేసి, అంటే కంప్యూటర్‌ని పెన్ డ్రైవ్ నుంచే స్టార్ట్ చేసి చూడమనండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు హార్డ్ డిస్క్‌లో ఉన్నది అలాగే ఉంటుంది, వైఫై, సౌండ్, ముఖ్యంగా ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్, అదీ ఫైళ్లన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే. ఇంకో మాట, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు, ట్యాలీ వాడేవాళ్లు విండోస్‌ని పూర్తిగా తీసేయకండి, అవి విండోస్ కోసం చేసినవి, పక్కనే లినక్స్ డ్యూయల్ బూట్ పెట్టుకోండి, అంటే ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంచుకుని, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకోవడం. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగుకైతే లినక్స్‌లో ఏ ఇబ్బందీ లేదు, కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలుపుకుంటే చాలు.