సిండరెల్లా తోటలో పంది

ఆదివారం పొద్దున్న మా పెద్దమ్మ కత్తిపీట ముందేసుకుని దప్పళంలోకి గుమ్మడికాయ తరుగుతోంది. పెదనాన్న వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకున్నారు. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకి అన్నం సయించదు.

"విన్నావా రాజ్యం? 1853 అక్టోబరులో, లండన్‌లో, చార్లెస్ డికెన్స్ తన పత్రిక హౌస్‌హోల్డ్ వర్డ్స్‌లో సొంత స్నేహితుణ్నే దులిపేశాడు. జార్జ్ క్రూక్‌షాంక్ అని, డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్'కి బొమ్మలు వేసినాయన."

"బొమ్మల డబ్బులు ఎగ్గొట్టాడా?"

"అది కాదే. ఆయన పిల్లల కథలు తిరగరాసి, మధ్యలో తాగుడు మానండని నీతులు కుక్కాడు. డికెన్స్‌కి ఒళ్ళు మండి, కథల పూలతోటలోకి పేద్ద పంది జొరబడిందన్నాడు."

"ఎవరి పంది?"

"ఎవరిదీ కాదు. ఉపమానం."

"ఊరపందా! అవి మరీ మొండివి. కంచె వేయించుకోవాల్సింది."

"ఉపమానం అన్నాను!"

"అరవకండి, బీపీ. ఇంతకీ తోట డికెన్స్‌దేనా?"

"తోట లేదు!"

"తోటే లేకపోతే పంది ఎందులో జొరబడింది? సరిగ్గా చదివారా?"

పెదనాన్న కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఓడిపోతున్నప్పుడల్లా ఆ అద్దాలకి మసక పడుతుంది.

"పందిని వదిలేయ్. నీతులు దూరిస్తే ఎంత వెగటుగా ఉంటుందో చూడండని డికెన్స్ వెక్కిరింపుగా తనే ఒక సిండరెల్లా రాశాడు. అందులో ఆ పిల్ల నాలుగేళ్ళకే తాగుడు వ్యతిరేక సంఘంలో చేరిపోయింది."

"పాలు మానిందో లేదో!"

"విను. మరుసటేడు క్రూక్‌షాంక్ నిజంగానే సిండరెల్లా రాశాడు! పెళ్ళికి మందు పారకూడదని, ఉన్నదంతా కొండ మీద పోగేయించి తగలబెట్టించాడు."

"పెళ్ళివారికి మజ్జిగైనా పోశారా?"

"అసలు ఒకప్పుడు ఆయనా బాగా తాగేవాడే. 1847 ప్రాంతంలో మానేశాడు."

"అదీ సంగతి. మీరు కాఫీలో పంచదార మానేశాక ఈ ఇంట్లో మైసూర్‌పాక్ పేరెత్తనిచ్చారా?"

"నాకూ ఆయనకీ పోలికేమిటి?"

పెద్దమ్మ కత్తిపీట మీంచి కాలు తీసింది.

"రాత్రి మనవరాలికి సిండరెల్లా చెప్పిందెవరు? అది పొద్దున్నే నా కొంగు పట్టుకుని ఒకటే ఏడుపు. గుమ్మడికాయ బండి కాలేదట, కూరయిందట. ఆ పిల్ల పేచీ పెట్టకుండా తిని, పళ్ళు తోముకుని, తొమ్మిదింటికే పడుకుందట. మరి రాకుమారుడికి చెప్పెలా దొరికిందండీ?"

"కూరలు తినట్లేదని కాస్త..."

"ఆ పంది మీరే."

"రాజ్యం!"

"ఉపమానమండీ."

పెదనాన్న నోరు తెరిచి, ఏమీ దొరక్క మూసేశారు. పెద్దమ్మ గుమ్మడి గింజల పళ్ళెం ఆయన ఒళ్ళోకి తోసింది.

"ఇవి ఒలవండి. దప్పళంలో బెల్లం తగ్గించాను లెండి, మీరు రెండోసారి కూడా వేసుకోవచ్చు. రాత్రికి మాత్రం దానికి బండి ఉన్న కథ చెప్పండి."

"గుర్రాలైన ఎలుకలు ఎన్నే?"

"ఆరు. పందిని బండెక్కించకండి."

పెదనాన్న మళ్ళీ కళ్ళజోడు తీశారు.