మెడలో వేలాడే ఎర్ర బిళ్ళ గారికి

అయ్యా ఎర్ర బిళ్ళ గారూ,

నేను అమెరికా ఆర్మీలో అలర్జీ డాక్టర్ని, మాది తెనాలి పక్కన. యుద్ధంలో తుమ్ములకి డాక్టరెందుకురా అంటుంది మా పిన్ని. తుమ్ములకి కాదు పిన్నీ, ఒక బిళ్ళతో తగువు పెట్టుకోడానికి జీతమిస్తున్నారు అని చెప్తా.

సోల్జర్ మెడలో పేరు బిళ్ళల పక్కనే మీరు, పెన్సిలిన్ అలర్జీ అని. ఆధారమేంటి సార్? మూడేళ్ళప్పుడు జ్వరమొస్తే అమాక్సిసిలిన్ వేశారు, అదీ పెన్సిలిన్ జాతి మందే, దద్దుర్లొచ్చాయి, వాళ్ళమ్మ చూసింది. అంతే, కేసు క్లోజ్. ఆ దద్దుర్లు వైరస్ వల్ల కూడా వస్తాయి, నిజంగా అలర్జీ ఉన్నా పదేళ్ళకి నూటికి 80 మందికి పోతుంది, కానీ మనిళ్ళల్లో వంకాయ పడదంటే చచ్చేదాకా పడదు కదా, ఇదీ అంతే. రేపు గాయమై టేబుల్ మీద పడుకుంటే సర్జన్ మంచి మందు పక్కనపెట్టి ఇంకోటి వెతుక్కుంటాడు, ఎందుకంటే తమరు అక్కడ ఎర్రగా మెరుస్తుంటారు.

శాన్‌డియాగోలో ఇదే ముద్రున్న మెరీన్ రిక్రూట్లలో పెద్ద ప్రమాదం లేదనుకున్న 328 మందికి అమాక్సిసిలిన్ ఇచ్చి చూశారు. రియాక్షన్ వచ్చింది 5 గురికి. మిగతా 323 మంది మెడల్లో మీరేం చేస్తున్నట్టు?

నాకు తెలుసులెండి. బారక్స్‌లో ఒకడికి గొంతు నొప్పొస్తే అందరికీ అంటుకుంటుందని ట్రైనింగ్ మొదట్లోనే పిరుదు మీద ఒక పెన్సిలిన్ సూది వేస్తారు, 12 లక్షల యూనిట్లు, చిక్కగా ఉంటుందని కుర్రాళ్ళు దాన్ని పీనట్ బటర్ షాట్ అంటారు, వేయించుకున్నాక కూర్చోలేరు. మీరున్నోళ్ళకి ఆ సూది ఉండదు. అంటే తమరు మెడలో ఉండి కాపాడేది ఇంకెక్కడో!

మొన్నొక కుర్రాడికి టెస్ట్ పెట్టా. గంటసేపు కూర్చోబెడితే ఒక్క దద్దురు కూడా లేదు. శుభవార్త చెప్తే వాడు నన్ను మేనమామ మోసం చేసినట్టు చూశాడు, మర్నాడు సూది పడింది. రెండు వారాల తర్వాత కనిపిస్తే కంప్యూటర్లోంచి మిమ్మల్ని తీసేసినా మెడలో మాత్రం అలాగే ఉన్నారు. ఏంట్రా ఇది అంటే, "మా మామ్ తీయొద్దంది సార్."

రేపు పొద్దున ఎనిమిదింటికి ఇంకో నలుగురున్నారు, మీరూ వస్తారుగా.

ఇట్లు,
మీ బద్ధశత్రువు