మిషన్ రెడీనా అని అడిగితే టెక్నీషియన్ ‘లేదు’ అనగలడా?

ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్‌కి దండం పెడతాం, కాస్త తెలిసినవాళ్లయితే మత్తు డాక్టర్ ఎవరని కూడా అడుగుతారు. ఆ మత్తు డాక్టర్ పక్కన ట్యూబులు, గొంతులోకి చూసే లారింగోస్కోప్, నోట్లో చేరేవి లాగేసే సక్షన్ అన్నీ సర్ది పెట్టుకుని నిలబడే అనస్థీషియా టెక్నీషియన్ గురించి మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోతే పోయిందిలెండి, నా గొడవ గుర్తింపు గురించి కాదు. ఆ మనిషికి మనం ఏం నేర్పుతున్నాం, నేర్పాక చేతికి ఏం అధికారం ఇస్తున్నాం అన్నదే నా గొడవ. నా మాట ముందే చెప్పేస్తా: టెక్నీషియన్ అంటే అడిగింది అందించే మనిషి అనుకున్నంత కాలం ట్రైనింగ్ అరకొరగానే ఉంటుంది, ఆ అరకొర ట్రైనింగ్ రిస్క్ అంతా టేబుల్ మీద పడుకున్న పేషెంట్‌దే.

ఎందుకో తెలియాలంటే సోడా లైమ్ సంగతి చూడండి. మత్తు ఇచ్చే మిషన్‌లో ఒక డబ్బా ఉంటుంది, పేషెంట్ వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని అందులోని సోడా లైమ్ గుళికలు పీల్చేసుకుంటాయి, మిగిలిన గాలి మళ్లీ పేషెంట్‌కి వెళ్తుంది. గుళికలు ఊదా రంగుకి తిరిగితే మార్చెయ్యి అని కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే చెప్తారు, చాలామంది చదువు అక్కడితో ఆగిపోతుంది కూడా. ఇప్పుడు వారాంతంలో చివరి కేసు అయ్యాక ఎవరో ఆక్సిజన్ ఫ్లో కట్టెయ్యడం మర్చిపోయి వెళ్లిపోయారనుకోండి, ఆదివారం అంతా ఆ పొడి గ్యాస్ డబ్బాలోంచి పోతూనే ఉంటుంది, గుళికల్లో ఉండాల్సిన తేమ మొత్తం ఆరిపోతుంది. సోమవారం పొద్దున మొదటి కేసుకి డెస్‌ఫ్లూరేనో ఐసోఫ్లూరేనో లాంటి మత్తు ఆవిరి పెడితే ఆ ఎండిపోయిన గుళికల మీద కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుట్టొచ్చు. రక్తంలో ఉన్నది ఆక్సిజనో ఈ విషవాయువో మామూలు పల్స్ ఆక్సీమీటర్‌కి తేడా తెలీదు, స్క్రీన్ మీద అంకె బాగానే కనపడుతుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు.

మరి రంగు? రంగు చెప్పేది గుళికలు వాడకంలో అయిపోయాయా లేదా అన్నది, ఎండిపోయాయా అన్నది కాదు. పైగా ఊదా అయినవి కాసేపు వాడకుండా వదిలేస్తే మళ్లీ తెల్లగా కనపడొచ్చు. అంటే రంగు మాత్రమే నేర్చుకున్న టెక్నీషియన్ సోమవారం పొద్దున డబ్బా చూసి బానే ఉందని నిజాయితీగానే చెప్తాడు. గుళికలకి తేమ ఎందుకు కావాలో నేర్చుకున్న టెక్నీషియన్ అయితే మిషన్ దగ్గరికి రాగానే గ్యాస్ ఎంత పోతోందో చూపించే ఫ్లోమీటర్ వైపు చూస్తుంది, రెండు రోజులుగా గ్యాస్ పోతూనే ఉందని తెలిస్తే మారు మాట లేకుండా డబ్బా ఖాళీ చేసి కొత్తది నింపుతుంది. బలమైన క్షారాలు లేని కొత్త రకాల్లో ఈ బెడద దాదాపు లేదు, నిజమే, కానీ తమ డబ్బాలో ఉన్నది ఏ రకమో చెప్పగలిగినవాళ్లకే కదా ఆ ధైర్యం! ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం, ఒకటే డ్రెస్సు, చాలా చోట్ల ఒకటే జీతం. ఒకళ్లకి పని నేర్పారు, ఇంకొకళ్లకి పని వెనక కారణం నేర్పారు.

సిలిండర్లదీ ఇదే కథ. ఆక్సిజన్‌కి 2-5, మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్‌కి 3-5 అని పిన్నుల స్థానాలు వేరుగా పెట్టారు, ఒకదాని చోట ఇంకోటి ఎక్కకూడదని. కానీ లీక్ అవుతోందని ఒక వాషర్ మీద ఇంకో వాషర్ వేసి బిగించేశారనుకోండి, ఆ పిన్నుల రక్షణే పోయే ప్రమాదం ఉంది. బిగించడం వచ్చు, ఎందుకలా బిగించకూడదో తెలీదు.

ఎమర్జెన్సీలో ఇంకా తేటతెల్లంగా కనిపిస్తుంది. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అని అరుదుగా వచ్చేది ఒకటుంది, కొన్ని మత్తు ఆవిర్లకీ సక్సినైల్‌కోలిన్‌కీ కొందరి కండరాలు తిరగబడి ఒళ్లు కాలిపోతుంది. మందు డాంట్రోలీన్. పాత రకం వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, 20 మిల్లీగ్రాములే, ఒక్కోదాన్ని 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్‌లో కలపాలి, సెలైన్ పనికిరాదు, గ్లూకోజ్ పనికిరాదు. కిలోకి 2.5 మిల్లీగ్రాముల చొప్పున 70 కిలోల మనిషికి మొదటి డోసుకే 9 వయల్స్, అంటే 540 మిల్లీలీటర్లు కూర్చుని కలపాలి. 250 మిల్లీగ్రాములు 5 మిల్లీలీటర్లలో కరిగే కొత్త రకం వచ్చింది గానీ అది అన్ని చోట్లా దొరకదు. మత్తు డాక్టర్ అప్పుడు ఆవిరి ఆపాలి, ఆక్సిజన్ పెంచాలి, పొటాషియం చూసుకోవాలి, సర్జన్‌కి చెప్పాలి, మందు ఎవరు కలుపుతారు? ఆ పెట్టె ఏ అలమరలో ఉందో, దాంట్లోకి ఏ నీళ్లు పోయాలో ఆ క్షణంలో నేర్చుకుంటే కుదరదు.

ట్రైనింగ్‌కి బోలెడు ఖర్చు అంటారా, అన్నిటికీ కాదు. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులోది పైకి రాకుండా గొంతు మీద నొక్కి పట్టే క్రైకాయిడ్ ప్రెషర్ మీద డాక్టర్లలోనే బోలెడు వాదోపవాదాలున్నాయి గానీ, పెట్టమన్నప్పుడు ఎంత బలం పెట్టాలో చెయ్యికి తెలియాలి కదా. 50 మిల్లీలీటర్ల సిరంజిని గాలితో నింపి, మూతి బిగించి, సుమారు 33 గీత దాకా నొక్కితే దాదాపు 30 న్యూటన్లు. ఒక సిరంజి, ఒక మూత, అంతే. అది కూడా నేర్పించని చోట మనం దేని గురించి మాట్లాడుతున్నట్టు?

అవతలి వాదన కూడా వినాలి కాబట్టి: చివరి బాధ్యత మత్తు డాక్టర్‌దే, కొత్త మిషన్లు తమని తామే టెస్ట్ చేసుకుంటాయి, పెద్ద కోర్సులు పెడితే అసలే తక్కువున్న మనుషులు ఇంకా తగ్గిపోతారు, ఏళ్ల తరబడి పని చేస్తూ నేర్చుకున్నవాళ్లు పట్టా ఉన్నవాళ్ల కంటే నయం అంటారు. చివరి మాట కొంత నిజం, వాళ్లని తీసెయ్యమని ఎవరూ అనట్లేదు, వాళ్లకి వచ్చింది పరీక్షించి, రానిది నేర్పించి పట్టా ఇవ్వండి. కానీ మిషన్ సెల్ఫ్ టెస్ట్‌కి ట్రాలీ మీద చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సక్షన్ లాగుతోందో లేదో చెప్తుందా? అమెరికా అనస్థీషియాలజిస్టుల సొసైటీ 2008లో ఇచ్చిన 15 అంశాల చెక్‌లో సరిగ్గా ఈ రెండింటినీ డాక్టరూ టెక్నీషియనూ ఇద్దరూ చూడాలని రాశారు, ఎవరో ఒకరు చాలని కాదు. అంటే టెక్నీషియన్‌ది విడిగా లెక్కలోకి వచ్చే చూపు అని డాక్టర్లే ఒప్పుకున్నారు.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించే చోటికి వస్తా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో, మత్తు ఇవ్వకముందే అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి, మిషన్, మందుల చెకింగ్ పూర్తయిందా అని. ఒక్క టిక్కు. దాని వెనక పొద్దున్నే వచ్చి సర్క్యూట్ లీక్ టెస్ట్ చేసిన మనిషి ఉండొచ్చు, నిన్నటి షీట్ చూసి ఈరోజుది నింపేసిన మనిషి ఉండొచ్చు, కాగితం మీద రెండూ ఒకేలా కనపడతాయి. ఇది ఓటీ జబ్బు మాత్రమే కాదు, లిఫ్టులో వేలాడే తనిఖీ కార్డు, గోడకున్న మంటలార్పే సిలిండర్ చీటీ, అన్నిట్లోనూ ఇదే. తనిఖీ చెయ్యడానికి మనుషుల్ని పెడతాం, బాలేదని చెప్పిన రోజు మాత్రం వాళ్ల మీద విసుక్కుంటాం, ఆపరేషన్ల లిస్ట్ లేటవుతోందని. అప్పుడు ఎవడైనా ఏం నేర్చుకుంటాడు? టిక్కు పెట్టడమే నేర్చుకుంటాడు.

2005లో ఇంగ్లండ్‌లో ఒకావిడ మామూలు సైనస్ ఆపరేషన్‌కి వెళ్లింది. మత్తు ఇచ్చాక ఊపిరి దారి మూసుకుపోయింది, అనుభవం ఉన్న ముగ్గురు పెద్ద డాక్టర్లు ట్యూబ్ వెయ్యాలని ప్రయత్నిస్తూనే ఉన్నారు, గొంతు దగ్గర రంధ్రం చేసే సెట్ నర్సు తెచ్చి రెడీగా ఉందని చెప్పింది కూడా. ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ 13 రోజుల తర్వాత చనిపోయింది. పరికరం ఉంది, తెచ్చిన మనిషి ఉంది, ఏం చెయ్యాలో ఆ మనిషికి తట్టింది కూడా. గట్టిగా ఆపి చెప్పగలిగే స్థానమే ఆ గదిలో ఆమెకి లేదు. నర్సుకే లేని చోట టెక్నీషియన్‌కి ఉంటుందా?

కాబట్టి కోర్సు పెంచండి అంటే నేను సిలబస్‌లో పేజీలు పెంచమనట్లేదు. బ్రిటన్‌లో ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్ అన్న హోదాకి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉంది, రిజిస్టర్‌లో లేనివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు, ఆ రక్షణ అన్ని చోట్లా రావాలి. బొమ్మ పేషెంట్ మీద ఎమర్జెన్సీని నటించి నేర్చుకునే సిమ్యులేషన్‌లో టెక్నీషియన్లని డాక్టర్లతో కలిపి కూర్చోబెట్టాలి, విడిగా కాదు, ‘సార్, ఇప్పటికి మూడు సార్లు ప్రయత్నించారు, సెట్ తెరుస్తున్నా’ అని నోరు తెరిచి చెప్పడం మార్కులు పడే పరీక్ష అవ్వాలి, అది విని ఆగడం డాక్టర్‌కి పరీక్ష అవ్వాలి. మిషన్ చెక్ రిజిస్టర్‌లో ఇంకో కాలమ్ పెట్టండి: టెక్నీషియన్ ఆపిన కేసులు, ఎందుకు ఆపారో, ఎంతసేపో. మేనేజ్‌మెంట్ ఆ కాలమ్‌ని నెలనెలా చూడాలి, ఎవరు లేట్ చేశారని వెతకడానికి కాదు, ఏడాదంతా అది ఖాళీగా ఉన్న థియేటర్‌కి ముందు వెళ్లి తనిఖీ చెయ్యడానికి.